పచ్చ చొక్కా గుంటడు

(గురజాడ అప్పారావు వర్ధంతి సందర్భంగా రాజాంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



గురజాడ పేరున ఉపన్యాసం అంటే గిరీశం గురించో మధురవాణి గురించో వినొచ్చని వచ్చినవాళ్లు నన్ను మన్నించాలి. నేను సాహిత్యం మనిషిని కాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ప్రభుత్వ కార్యాలయాల కంప్యూటర్లలో పట్టికలు కట్టాను. ఆ పట్టికలు ఒకదానితో ఒకటి కలవక తల పట్టుకున్నాను. మీరంతా కన్యాశుల్కం నాటకాన్ని ఎన్నిసార్లు చదివారో గానీ, నేను మాత్రం పీఠిక దగ్గరే ఆగిపోయినవాణ్ణి. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లిషులో రాసుకున్న పీఠిక అది. నాటకం పీఠికలో లెక్కలుంటాయని ఎవరనుకుంటారు? ఇందులో ఉన్నాయి.

విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఒక జాబితా తయారుచేయించారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా. మొత్తం 1,034 పెళ్లిళ్లు తేలాయి. ఏడాదికి సగటున 344. ఐదేళ్లకే పెళ్లయిన ఆడపిల్లలు 99 మంది. నాలుగేళ్లకి 44, మూడేళ్లకి 36, రెండేళ్లకి ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ ముగ్గురికీ తలకి 350 నుంచి 400 రూపాయలు వెల కట్టారు. చాలావాటికి ఆడపిల్ల తల్లిదండ్రుల సంతకాలు కూడా తీసుకున్నారు. జాబితా సమగ్రం కాదని గురజాడే ఒప్పుకున్నారు.

బాల్యవివాహాన్ని నేరం చేసిన శారదా చట్టం 1929లో గానీ రాలేదు. చట్టం నేరమని అనకముందే ఆ నేరానికి మన జిల్లాలో పద్దు రాసి పెట్టారన్నమాట. నాకు ఆశ్చర్యం కలిగించేది అంకెల కంటే ఆ పట్టిక. ప్రతి వరసలోనూ అవే ప్రశ్నలు: పిల్ల వయసెంత, పుచ్చుకున్నదెంత, సంతకం ఎవరిది. ఒక ఊళ్లో వయసు రాసి వెల వదిలేసి, ఇంకో ఊళ్లో వెల రాసి వయసు దగ్గర ‘చిన్నపిల్ల’ అని రాసి ఉంటే, గురజాడకి ఆ 99, ఆ 44, ఆ 36 చేతికి వచ్చేవి కావు. ఆయన సంస్థానంలో శాసనాలు చదివిన మనిషి. రాయి మీద ఒక్క అక్షరం పోతే రాజు పేరే మారిపోతుందని తెలిసినవాడు.

ఈరోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. పిల్లల మీద జరిగే నేరాలను దర్యాప్తు చేసే పోలీసు, శిశు సంక్షేమం వాళ్లు, రైల్వే వాళ్లు, పక్క రాష్ట్రం, పక్క దేశం అందరూ ఒకే ప్రశ్నలడిగి, జవాబు ఒకే తీరున రాసుకోవడం. మా వృత్తిలో దీన్ని డేటా ప్రమాణాలు అంటారు. పేరు వింటేనే ఆవలింత వస్తుందని నాకు తెలుసు. అందుకని ముందు మా ఇంటి సంగతి చెబుతాను.

నా చిన్నప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లోనే అమ్మవారి పండగకి వెళ్లాం. మా తమ్ముడికి నాలుగేళ్లు. అమ్మ చెయ్యి విడిపించుకుని జనంలో కలిసిపోయాడు. అమ్మ ఏడుస్తూ మైకు దగ్గరికి పరిగెత్తి, ‘పచ్చ సొక్కా ఏసుకున్నాడు బాబూ మా గుంటడు’ అంది. మైకు దగ్గరి కుర్రాడు చదువుకున్నవాడు, దాన్ని శుభ్రంగా ‘ఆకుపచ్చ చొక్కా ధరించిన బాలుడు’ అని చదివాడు. అమ్మ చెప్పిన పచ్చ పసుపుపచ్చ. మావాడు జీళ్ల దుకాణం పక్కన రెండు గంటలు కూర్చున్నాడు. దుకాణం అతను మైకు విన్నాడు, పిల్లాణ్ణి చూశాడు, వీడిది పసుపు చొక్కా కదా, వీడు కాదులే అనుకుని మళ్లీ జీళ్లు తూచుకున్నాడు. అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు. నిర్లక్ష్యం కూడా లేదు. ఒక్క మాటకి రెండు రంగులున్నాయి, అంతే.

ఇప్పుడు అదే పిల్లాణ్ణి కంప్యూటర్లోకి ఎక్కించండి. తప్పిపోయిన పిల్లల ఫారాల్లో చాయ అని ఒక గడి ఉంటుంది. మనం ఛామనచాయ అంటాం. ఇంగ్లిషు ఫారంలో అది గోధుమ రంగు అవుతుంది. మూడు పూటలా వరి తినే జిల్లాలో గోధుమ రంగేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. పోనీ తల్లి ‘మావోడు పచ్చగా ఉంటాడు’ అందనుకోండి. అంటే తెల్లగా ఉంటాడని. రాసేవాడు పరాయి ప్రాంతం వాడైతే దాన్ని ఏమని రాసుకుంటాడో ఆ అమ్మవారికే తెలియాలి.

పేర్ల సంగతి ఇంకా కష్టం. అప్పలరాజు, పైడిరాజు, అప్పలనాయుడు మనకి వీధికి నలుగురు. సింహాచలం అంటే మగవాడూ కావచ్చు, ఆడమనిషీ కావచ్చు. ఇంటిపేరు మనం ముందు రాస్తాం, కొన్ని ఫారాలు చివర రాయమంటాయి. ఇంట్లో ‘సిన్నోడా’ అని పిలిపించుకున్న పిల్లాణ్ణి చెన్నైలో ఎవరైనా నీ పేరేమిటని అడిగితే సిన్నోడు అనే చెబుతాడు. అక్కడ అదే అతని పేరవుతుంది. ఇక్కడ స్టేషన్లో బడిలో రాయించిన పేరుంటుంది. రెండూ ఒకే మనిషివని యంత్రానికి ఎవరు చెప్పాలి?

మన ఊరి పేరే చూడండి. ఇంగ్లిషులో కొందరు జె పెట్టి రాస్తారు, కొందరు జెడ్ పెట్టి రాస్తారు. రెండూ వాడుకలో ఉన్నాయి. ఇక జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడే దాకా మనం విశాఖపట్నం జిల్లా వాళ్లం. తర్వాత దాదాపు 72 ఏళ్లు శ్రీకాకుళం. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం. అంతకు ముందు సంవత్సరాల్లో తప్పిపోయిన రాజాం పిల్ల కాగితం శ్రీకాకుళం పేరు మీద ఉంటుంది, వెతికేవాడు విజయనగరంలో వెతుకుతాడు. ఇంకో చిక్కు. పిల్లాడు మాది ఆమదాలవలస అన్నాడనుకోండి. శ్రీకాకుళం రోడ్డు రైల్వే స్టేషన్ ఉన్న ఆమదాలవలసా, మన పక్క రేగిడి ఆమదాలవలసా? అందుకే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి గ్రామానికీ ఒక అంకె కేటాయించి డైరెక్టరీ పెట్టింది. పేరు ఎలా రాసినా, జిల్లా ఏదైనా, ఊరికి గుర్తు ఆ అంకె. ప్రమాణం అంటే ఇంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఈ ప్రాంతానికి ఇది ఊరికే చెప్పుకునే కబురు కాదు. కూలి పనికి విజయవాడ, హైదరాబాదు, చెన్నై వెళ్లే కుటుంబాలు మన మండలాల్లో ఎన్నో మీకు నేను చెప్పాలా? చీపురుపల్లిలో రైలెక్కితే అది హౌరా–చెన్నై మార్గం. పిల్లాడు ఒక్క స్టేషన్లో నీళ్లకి దిగి బండి తప్పితే, కనబడలేదని ఫిర్యాదు ఒక రాష్ట్రంలో, దొరికాడన్న కాగితం ఇంకో రాష్ట్రంలో పుడతాయి. 2013 మే 10న సుప్రీంకోర్టు బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో, పిల్ల కనబడలేదన్న ప్రతి ఫిర్యాదుకీ ఎఫ్ఐఆర్ కట్టాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే మొదలుపెట్టాలని చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం కదా, అదే. కాగితం పుట్టడానికి ఇప్పుడు అడ్డు లేదు. పుట్టిన రెండు కాగితాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడం దగ్గరే వస్తోంది ఇబ్బంది.

తప్పిపోయినవాళ్ల వివరాలు పోలీసులూ, దొరికినవాళ్ల వివరాలు పిల్లల హోములూ ఎక్కించేలా కేంద్రం ట్రాక్‌చైల్డ్ అనే పోర్టల్ పెట్టింది. 2015లో పౌరుల కోసం ఖోయా పాయా వచ్చింది. ఇప్పుడు రెండూ మిషన్ వాత్సల్య పోర్టల్‌లో కలిశాయి. 2018లో తెలంగాణ పోలీసులు దర్పణ్ అనే పరికరం తయారుచేశారు. తప్పిపోయిన పిల్లల ఫొటోల్లోని ముఖాలను హోముల్లోని పిల్లల ముఖాలతో పోల్చి చూడటం దాని పని. ఉత్తరప్రదేశ్‌లో 2015లో తప్పిపోయిన ఆటిజం ఉన్న కుర్రవాడు అస్సాం గోల్పారాలోని హోములో ఉన్నాడని 2020లో పట్టి ఇచ్చింది హైదరాబాదులోని ఈ దర్పణే. ఐదేళ్లు ఆ కుర్రవాడి వివరాలు రెండు చోట్లా ఉన్నాయి. తన పేరూ ఊరూ సరిగా చెప్పుకోలేనివాడికి ముఖమే పేరయింది.

కానీ ముఖం మీద మరీ నమ్మకం పెట్టకండి. పిల్లల ముఖాలు ఏడాదికోసారి మారతాయి. ఢిల్లీలో వాడిన ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఆడపిల్లలనీ మగపిల్లలనీ కూడా తేడా పట్టలేకపోతోందని 2019లో కేంద్ర మంత్రిత్వ శాఖే హైకోర్టుకి చెప్పుకుంది. యంత్రం ‘వీడేనేమో’ అంటుంది. వీడే అని తేల్చేది మనిషి, తల్లి.

వయసు దగ్గర మన దేశంలో ఒక మంచి ప్రమాణం ఇప్పటికే ఉంది. పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు నిలవాలంటే బాధితురాలికి 18 నిండలేదని తేలాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వరస చెప్పింది. మొదట బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఏది ముందో ఏది వెనకో దేశమంతటికీ ఒకటే. చక్కని ఏర్పాటు. అయితే ముందు వరసలో మాస్టార్లున్నారు కనుక ధైర్యం చేసి అంటాను. మనలో ఎంతమందికి ఇంట్లో పుట్టినరోజు ఒకటి, బడి పుట్టినరోజు ఒకటి? ఒకటో తరగతిలో చేర్చడానికి ఐదేళ్లు నిండేలా జూన్‌లోనో జులైలోనో ఒక తేదీ వేసేస్తే, ఆ తేదీయే పదిహేనేళ్ల తర్వాత కోర్టులో నిలబడుతుంది. పిల్లను కాపాడనూ వచ్చు, నేరస్థుణ్ణి తప్పించనూ వచ్చు.

ఇక ఇంతకంటే చీకటి భాగం. ఎక్కువసేపు ఉండను, తప్పించుకుని వెళ్లడం మాత్రం కుదరదు. 2015 ఫిబ్రవరి 18న హైదరాబాదు ప్రజ్వల సంస్థ నుంచి సునీతా కృష్ణన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఒక లేఖ రాశారు. అత్యాచారాలను చిత్రించి వాట్సాప్‌లో తిప్పుతున్న వీడియోలు జత చేశారు. కోర్టు ఆ లేఖనే పిటిషన్‌గా తీసుకుంది. ఆ కేసులోంచే నిపుణుల సంఘం, దాని సిఫారసులు, చివరికి 2018లో మొదలైన జాతీయ సైబర్ నేరాల పోర్టల్ వచ్చాయి. తెలుగునేల మీద రాసిన ఉత్తరం దేశమంతటికీ ఫిర్యాదు కిటికీ తెరిచింది.

ఆ కేసులో పదేపదే వినబడిన మాట ‘హాష్’. చెప్పడం తేలికే. ఒక ఫొటోను కంప్యూటర్ ఒక లెక్కలో పెడితే ఒక అంకెల వరస వస్తుంది. ఎండీ5 అనే పద్ధతిలో 32 గుర్తుల వరస. అదే ఫొటో ఏ దేశంలో దొరికినా అదే వరస వస్తుంది. వరసను చూసి ఫొటోను తిరిగి గీయలేం. అంటే ఆ పిల్ల బొమ్మను ఎవరికీ చూపించకుండానే ‘ఇది మా దగ్గరా దొరికింది’ అని రెండు చోట్ల పోలీసులు చెప్పుకోవచ్చు. ఫొటోలో చుక్కంత మారినా ఈ వరస మొత్తం మారిపోతుంది కనుక, 2009లో మైక్రోసాఫ్ట్, హనీ ఫరీద్ అనే ఆచార్యుడు కలిసి ఫొటోడీఎన్ఏ చేశారు. పరిమాణం మార్చినా రంగు కాస్త మార్చినా అది పోలిక పట్టేస్తుంది. వేలిముద్రలదీ ఇదే కథ. వాటిని వర్గాలుగా విడదీసి వెతికే పద్ధతి కుదిరాకే కలకత్తాలో ప్రపంచంలోని మొదటి వేలిముద్రల కార్యాలయం తెరిచారు. కన్యాశుల్కం అచ్చయిన 1897లోనే.

హాష్ ఒక్కటీ చాలదు. ఒక్కో కంపెనీ దర్యాప్తు సాఫ్ట్‌వేర్ తన ఇష్టమొచ్చిన తీరున దాచుకునేది. ఒక ఊళ్లో గుర్తించిన పిల్లను ఇంకో ఊరి అధికారి కొత్త కేసనుకుని, అవే ఘోరమైన బొమ్మలు మళ్లీ మొదటి నుంచి చూసేవాడు. 2012లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ విక్ చేసిన పని ఇక్కడే. ఏ సాఫ్ట్‌వేరైనా సరే, హాష్ ఇది, వర్గం ఇది, ఈ పిల్ల ఆచూకీ తెలిసిందా లేదా అని ఒకే నమూనాలో రాయమంది. వర్గాల దగ్గర ఇప్పటికీ పేచీ ఉంది. బ్రిటన్ వాళ్లు ఎ, బి, సి అంటారు, అమెరికా వాళ్లు అంకెలు వేస్తారు. ప్రతి దేశం చట్టం వేరు. అందుకే ఇంటర్‌పోల్ ఒక కనీస గీత గీసింది. బొమ్మలో ఉన్నది నిజమైన పిల్ల, ఈడేరని వయసు అయితే, దాదాపు ప్రతి దేశంలోనూ అది నేరమే. ఆ గీతకి లోపలివాటి హాష్‌లు అందరూ పంచుకుంటారు. ఇంటర్‌పోల్ నడిపే పిల్లల లైంగిక దోపిడీ డేటాబేస్‌కి 2022లో సీబీఐ ద్వారా మన దేశం కలిసింది. అప్పటికి 68వ దేశం మనం.

మాట కూడా ప్రమాణమే. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అనే మాటను కోర్టులు వాడొద్దంది. పిల్లలపై లైంగిక దోపిడీ, అత్యాచార సామగ్రి అనాలంది. మొదటి మాటలో వినోదం వాసన ఉంది, రెండో మాటలో నేరం ఉంది. మళ్లీ పచ్చ చొక్కా సంగతే.

అమెరికాలో ఇంటర్నెట్ కంపెనీలకి ఇలాంటి బొమ్మ తగిలితే ఎన్‌సీఎంఈసీ అనే సంస్థకి చెప్పి తీరాలి. 2019 ఏప్రిల్‌లో మన జాతీయ నేర గణాంకాల సంస్థ దానితో ఒప్పందం చేసుకున్నాక ఆ కబుర్లు రాష్ట్రాలకి, అక్కడి నుంచి జిల్లాలకి వస్తున్నాయి. 2022లో ఆ సంస్థకి ప్రపంచమంతా కలిపి వచ్చినవి 3 కోట్ల 20 లక్షలు, అందులో మన దేశానికి చెందినవి 56 లక్షలకు పైనే. మన జనం, మన ఫోన్ల సంఖ్య చూస్తే ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకుని దేశాన్ని తిట్టడం తప్పు. ఒకే బొమ్మ లక్షసార్లు తిరిగినా లక్ష కబుర్లే.

ఆ కబురు మన స్టేషన్‌కి చేరేసరికి ఏమవుతుందో చూడండి. అందులో సమయం ప్రపంచ సమయంలో ఉంటుంది. పదో తేదీ రాత్రి 9 గంటలు అని ఉంటే మనకది పదకొండో తేదీ తెల్లవారుజాము రెండున్నర. అమెరికా వాళ్లు నెల ముందు రాసి తేదీ తర్వాత రాస్తారు. 03/04 అంటే వాళ్లకి మార్చి 4, మనకి ఏప్రిల్ 3. మొబైల్ కంపెనీలు ఒకే ఐపీ చిరునామాను ఒకే సమయంలో చాలామందికి పంచుతాయి, అందుకని క్షణంతో సహా సమయమూ, పోర్టు అంకే ఉంటే తప్ప మనిషి తేలడు. ఐదున్నర గంటలు కలపడం మరిచిపోతే పోలీసులు వెళ్లి తలుపు కొట్టేది వేరే ఇంటిది. ఆ ఇంటివాడి పరువు ఏమవుతుందో రాజాంలో పుట్టినవాళ్లకి వివరించనక్కర్లేదు. అసలువాడు ఆ వార్త పేపర్లో చదువుకుంటూ ఉంటాడు.

అంకెల మీద ఇంకొక్క మాట. మన దేశపు నేర గణాంకాల్లో ఒక ఎఫ్ఐఆర్‌లో ఎన్ని నేరాలున్నా అన్నిట్లోకీ పెద్దదాన్నే లెక్కిస్తారు. పిల్లను ఎత్తుకుపోయి చంపితే అది హత్య పద్దులోకి వెళ్తుంది, అపహరణ పద్దులో కనబడదు. రెండుసార్లు లెక్కపడకుండా చేసిన ఏర్పాటు, అందులో తర్కం ఉంది. కానీ పిల్లల విషయంలో నేను దీన్ని ఒప్పుకోను. ఏ నేరంతో మొదలై ఎక్కడికి చేరిందో తెలిస్తేనే రేపటి పిల్లను కాపాడగలం. ఆనంద గజపతి పట్టికలో వయసూ ఉంది, వెలా ఉంది. ఏది పెద్ద పాపమో ఎంచి రెండోదాన్ని కొట్టేయలేదు.

అన్నీ ఒకచోట కలిపేయమని నేను అనడం లేదు. కలపడం మీద మా వాళ్లకి మోజు ఎక్కువ. నేనూ ఆ మోజులో పడ్డవాణ్ణే. పోక్సో 23వ సెక్షన్, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరం చేశాయి. అందరూ ఒకే తీరున రాయాలి, అందరూ అన్నీ చూడకూడదు. పోలికకి ఎంత కావాలో అంతే దాటాలి. హాష్ నేర్పిన మర్యాద అది. ఇంటికి చేరిన పిల్ల ఫొటో పదేళ్ల తర్వాత కూడా ‘తప్పిపోయింది’ అన్న మాటతో ఇంటర్నెట్లో కనబడుతుంటే, ఆ పిల్ల పెళ్లి సంబంధం చూసే రోజున ఎవరు జవాబు చెబుతారు? తీసేయడానికి కూడా ప్రమాణం కావాలి.

వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఇంజనీరింగ్ విద్యార్థులకి ఒక పని ఒప్పగించి ముగిస్తాను. మీరు కాలేజీలో ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటారని విన్నాను. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, ఈ నాలుగు మండలాల్లోని ప్రతి ఊరికీ, ప్రతి వలసకీ, ప్రతి పేటకీ జనం పలికే పేరు, కాగితాల్లో ఉన్న పేర్లు, ఇంగ్లిషులో రాసే రకాలన్నీ, ప్రభుత్వ గ్రామ అంకె పక్కన పెట్టి ఒక పట్టిక కట్టండి. సెలవుల్లో అయిపోతుంది. దాన్ని స్టేషన్‌కీ, పిల్లల సంక్షేమ సమితికీ, రైల్వే వాళ్లకీ ఉచితంగా ఇవ్వండి.

పెద్దలకి ఒకటే విన్నపం. ఇంట్లో చిన్నపిల్లలకి అసలు పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం, ఒక ఫోన్ నంబరు కంఠతా పట్టించండి. ఒంటరిగా తిరుగుతున్న పిల్లలు కనబడితే 1098కి ఫోన్ చేయండి. డబ్బు పడదు, రాత్రీ పగలూ పలుకుతుంది. ఒంటి మీద బట్టల రంగు అడుగుతారు. పచ్చ అని ఊరుకోకుండా, ఆకుపచ్చో పసుపుపచ్చో చెప్పండి.